పలక మీద అయిదో పేరు

సమ్‌రుయ్ బాబాయ్ పడవ ఎక్కేవాళ్ళు ఎవరైనా సరే, సొంత పేరు రేవు మీదే వదిలేసి ఎక్కాలి. ఒడ్డుకొచ్చాక మళ్ళీ తీసుకోవచ్చు. మధ్యలో ఆయన పెట్టిందే పేరు. అదీ ఆ ఒక్క రోజుకే.

నవంబరు రెండో వారం, మధ్యాహ్నం పన్నెండున్నర. కో తియాన్ దీవి రేవులో పడవ కట్టేసి ఉంది. ముక్కుకు చుట్టిన రంగు గుడ్డలు తడిసి వేలాడుతున్నాయి. పొద్దున కట్టిన బంతిపూల దండ ఇంకా వాడలేదు. డీజిల్ వాసన, ఎండలో ఆరుతున్న రబ్బరు సూట్ల వాసన, వాటిని తోసుకుంటూ చేపపులుసు వాసన. నీళ్ళలో మునిగి ఊపిరి పీల్చడం నేర్చుకోడానికొచ్చిన నలుగురు బల్లల మీద కూర్చుని అన్నం పొట్లాలు విప్పుకుని తింటున్నారు. ఇవాళ్టిది వాళ్ళకు ఆఖరి మునక. ఇది గట్టెక్కితే సాయంత్రానికి పాసైనట్టు కార్డు చేతికొస్తుంది.

బాబాయ్ స్టీరింగ్ చక్రానికి ఆనుకుని వాళ్ళను ఒక్కొక్కరినే పరిశీలించాడు.

“ఇవాళ పచ్చి బొప్పాయికాయ పచ్చడి దంచుతున్నాం,” అన్నాడు. “సన్నగా పొడుగ్గా ఉన్నావు. నువ్వు మిరపకాయ.”

ఉదోన్ నుంచి కొత్త పెళ్ళాంతో వచ్చిన తొన్ నవ్వాడు.

“నీ పెళ్ళాం తాటిబెల్లం.”

“నేను బెల్లమా? పొద్దున్నే ఈయన్నడగాల్సింది బాబాయ్, చెప్పేవారు,” అంది ఫింగ్.

“నువ్వు వెల్లుల్లి.” ఈ మాట బ్యాంకాక్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే పకాన్‌కు.

“నేనేం చేశాను?”

“నిన్నట్నుంచి నీ పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. చూసుకోలేదా?”

నాలుగో మనిషి సుమాలీ. రోయెట్ ఆస్పత్రిలో నర్సు చేసి రిటైరైంది. యాభై దాటాక ఈత నేర్చుకుంది. ఆవిడకు నిమ్మకాయ వచ్చింది. ఆవిడ మొహం చూస్తే ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు.

“మరి నాకు?” అంది చబా. ఆ నలుగురికీ పాఠం చెప్పేది ఆమే. వయసు ముప్ఫై నాలుగు.

“నువ్వు ఎండు రొయ్యవి. పదేళ్ళుగా ఉప్పునీళ్ళలో నాని, ఎండలో ఎండి... ఇంకేం మిగిలింది నీలో?”

“నిన్న నత్తగుల్ల అన్నావు. ఇవాళ రొయ్య. ప్రమోషనే.”

అందరూ నవ్వారు. నవ్వులు ఆగేదాకా బాబాయ్ ఆగాడు.

“మళ్ళీ చెప్తున్నా, వినండి. పైకొచ్చాక ఈ పేర్లు పిలుస్తాను. ఎవరి నోటితో వాళ్ళు ‘ఉన్నాను’ అనాలి. మొగుడి బదులు పెళ్ళాం పలికినా, పెళ్ళాం బదులు మొగుడు పలికినా ఇద్దర్నీ మళ్ళీ నీళ్ళలోకి తోసేస్తా. ఇంకోటి. నీళ్ళలో ఉన్నంతసేపూ ఈ పేరు ఎత్తకూడదు.”

“నోట్లో గొట్టం పెట్టుకుని ఎలా ఎత్తుతాం బాబాయ్?” అన్నాడు వెల్లుల్లి.

“పైన తేలేటప్పుడు నోరు ఖాళీయేగా. అప్పుడు మూసుకో.”

ఇంజను మొదలైంది. రేవు వెనక్కి జరిగింది. చబా పడవ ముక్కు దగ్గరికెళ్ళి రంగు గుడ్డలకు చేతులు జోడించింది. ఆ చేతులు కాసేపు అలాగే ఉన్నాయి.

ఆ నియమం ఎందుకొచ్చిందో శిష్యులకు ఎవరూ చెప్పరు. చబాకు చెప్పక్కర్లేదు. ఎనిమిదేళ్ళ కిందట ఇదే పడవలో ఆమె సహాయకురాలు. పాఠం చెప్పేది విలాయ్ అక్క. అప్పట్లో పేర్లు లేవు, తలలు లెక్కపెట్టడమే. ఆ రోజు లెక్కపెట్టింది చబా. ఎనిమిది. అనుమానం తీరక ఇంకోసారి లెక్కపెట్టింది. ఎనిమిదే. “సరిపోయింది బాబాయ్,” అని అరిచింది. పడవ కదిలింది. రేవులో ఒక్కొక్కరే దిగారు. ఏడుగురు.

దిగనిది విలాయ్. పదకొండు రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు. వచ్చేటప్పుడు విలాయ్ తన పక్కనే కూర్చుందని ఒకామె పోలీసులకు చెప్పింది. తడిసి ఉందట. దారి పొడవునా ఒక్క మాటా మాట్లాడలేదట.

ఆ రోజు నుంచి బాబాయ్ తలలు లెక్కపెట్టడు. పేర్లు పిలిచేటప్పుడు అసలు వెనక్కి తిరగడు. మొహం పడవ ముక్కు వైపు పెట్టి, చెవులు మాత్రం వెనక్కి పెడతాడు. “కళ్ళతో చూసేగా అప్పుడు ఎనిమిదన్నాం,” అంటాడు.

చబా నాలుగు వందల పైచిలుకు మందికి పాఠం చెప్పింది. ఒక్కరినీ పోగొట్టుకోలేదు. ఎంతమందిని దింపిందో అంతమందిని ఎక్కించాలి. ఆమె ఉద్యోగంలో మిగతాదంతా అలంకారం.

*

మునక వేసే చోటు తెల్లరాయి. అక్కడికి నలభై నిమిషాలు. అక్కడ ఒక బోయా తేలుతూ ఉంటుంది. దానికి పడవను కట్టేశారు. ఆకాశం దక్షిణం వైపు నల్లబడుతోంది. చుట్టుపక్కల ఇంకో పడవ లేదు.

నిమ్మకాయ వీపుకు గాలి సిలిండర్ తగిలించుకుని బొటనవేలు పైకెత్తి చూపించింది.

“అది కాదు పెద్దమ్మా. బాగున్నానంటే వేళ్ళతో సున్నా చుట్టాలి,” అంది చబా. “బొటనవేలు ఎత్తితే పైకి పోదామని. అది ఎవరెత్తినా, ఎందుకెత్తినా, అందరం పైకి వెళ్ళిపోవాల్సిందే. ప్రశ్నలుండవు.”

“యాభై ఏళ్ళ అలవాటమ్మా. వేలు దానంతటదే లేస్తుంది.”

“కింద లేవనివ్వకు.”

ఒకరి తరవాత ఒకరు నీళ్ళలోకి దిగారు. బోయా తాడు పట్టుకుని కిందికి వెళ్ళారు.

రెండు మీటర్ల దాకా వెలుతురుంది. అయిదు దగ్గర అది పసుపు పచ్చ. తరవాత పాచి రంగు. వానలు మొదలయ్యే రోజుల్లో ఆ నీళ్ళు గంజిలా చిక్కబడతాయి. చాచిన చెయ్యి కనిపిస్తుంది, దాని అవతలి మనిషి మసకబారతాడు. నోట్లో రబ్బరు రుచి. చెవుల్లో తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. లోపలికి... బయటికి. బయటికి వదిలినప్పుడల్లా బుడగలు చెంపల పక్క నుంచి గలగలమంటూ పైకి పోతాయి.

పన్నెండు మీటర్ల దగ్గర ఇసుక తగిలింది. చబా ఉక్కు చువ్వ తీసి తన సిలిండర్ మీద మూడుసార్లు తట్టింది. టంగ్. టంగ్. టంగ్. వరసలోకి రమ్మని. విలాయ్ అక్క నేర్పిన పిలుపది.

వాళ్ళు వచ్చి ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. అడుగు తగిలిన చోటల్లా ఇసుక లేచి పొగలా కమ్ముకుంది. అది సర్దుకునేదాకా చబా ఆగింది.

మొదటి పని మాస్క్‌లోకి కొంచెం నీళ్ళు రానిచ్చి, ముక్కుతో ఊది బయటికి పంపడం. ఎడమ చివర నుంచి మొదలుపెట్టింది. మిరపకాయ ఒక్క ఊదుకే చేశాడు. తాటిబెల్లం కంగారుపడి, తేరుకుని చేసింది. వెల్లుల్లికి మూడు ఊదులు పట్టాయి. నిమ్మకాయ తాపీగా, నర్సు ఇంజెక్షన్ ఇచ్చినంత తాపీగా చేసింది. ప్రతి ఒక్కరూ వేళ్ళతో సున్నా చుట్టి చూపించారు.

చబా ఇంకొంచెం కుడికి జరిగింది. అక్కడ ఉన్న మనిషి వైపు చెయ్యి చూపించింది. ఇక నువ్వు.

అప్పటికి గాని ఆమెకు తట్టలేదు.

అయిదుగురు.

మళ్ళీ ఎడమ నుంచి మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయిదు.

కంగారుపడలేదు. ఈ పనిలో ఇది కొత్త కాదు. మసక నీళ్ళలో ఒక బడి శిష్యులు దారి తప్పి ఇంకో బడి వరసలో వచ్చి కూర్చుంటారు. అందరివీ నల్ల సూట్లే, అందరి మొహాల మీదా మాస్కులే. పైన ఇంకో పడవ లేదన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది. తాము దిగాక వచ్చి ఉంటుంది అనుకుంది. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. వీళ్ళలో తన నలుగురూ ఎవరు?

జాకెట్‌కు దారంతో కట్టిన ప్లాస్టిక్ పలక తీసింది. నీళ్ళలో రాసే పెన్సిల్ దానికే వేలాడుతోంది. నీళ్ళలో పేరు ఎత్తకూడదని బాబాయ్ నియమం. ఎత్తడమంటే నోటితో అనడమే కదా. రాయడం గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు.

నిమ్మకాయ, అని రాసి తిప్పి చూపించింది. సుమాలీ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

మిరపకాయ. తొన్ చెయ్యెత్తాడు.

వెల్లుల్లి. తాటిబెల్లం. ఒక్కో పేరూ ఒకదాని కింద ఒకటి రాసింది. ఒక్కొక్కరే పలికినట్టు చేతులెత్తారు.

నలుగురూ ఉన్నారు. అయితే కుడి చివరిది పరాయి మనిషి. చబా ఆ మనిషి దగ్గరికి జరిగింది.

ఆడమనిషి. జుట్టు మాస్క్ పట్టీ మీద నుంచి లేచి మెల్లగా ఊగుతోంది. చబా పలక ఎత్తితే ఆమె తల కొంచెం పక్కకు వంచింది. చదువుతున్నట్టు. పైనుంచి కిందికి. ఒక్కో పేరు దగ్గరా ఆగి.

నువ్వెవరు? అన్నట్టు చబా వేలు చూపించింది.

ఆమె కూడా వేలు చూపించింది. కొంచెం ఆలస్యంగా. అదే వేలు, అదే వంపు. చబా వైపు. నువ్వెవరు?

ఎనిమిదేళ్ళుగా పాఠం చెప్తున్న చెయ్యి అది. శిష్యులు ఏదడిగినా రాసి చూపిస్తుంది. చబా ఆలోచించకుండానే పలక మీద అయిదో పేరు రాసింది.

ఎండు రొయ్య.

ఎదుటి మనిషి పలక అందుకుంది. రెండు చేతులతో పట్టుకుని మొహం దగ్గరికి తీసుకుంది. అంత దగ్గరికొచ్చాక చబాకు ఆ మాస్క్ లోపల ఏముందో కనిపించింది.

నిండా నీళ్ళు. అంచు దాకా. ఆ నీళ్ళలో రెండు కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

చబా ఊపిరి బిగబట్టింది. నీళ్ళలో ఎప్పుడూ చెయ్యకూడని పని అది. ఆమె శిష్యులకు మొదటి రోజు చెప్పే మొదటి పాఠం.

బిగబట్టాక తెలిసింది. ఎడమ వైపు నుంచి నలుగురి బుడగలు వినిపిస్తున్నాయి. ఎదురుగా చప్పుడు లేదు. ఆ నోట్లో గొట్టం ఉంది. గొట్టం నుంచి ఒక్క బుడగ కూడా రావడం లేదు.

ఎంతసేపటి నుంచి?

పక్కనే ఉన్న నిమ్మకాయ తల తిప్పి చూసింది. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో పనిచేసిన మనిషి. ఊపిరి లేనివాళ్ళు ఎలా ఉంటారో తెలుసు. ఆవిడ చెయ్యి మెల్లగా లేచింది. బొటనవేలు నిటారుగా పైకి. ఈసారి అది పొరపాటు కాదు.

ప్రశ్నలు లేవు. చబా పలక లాక్కుంది. ఆ చేతులు వదిలేశాయి, తేలిగ్గా, దానితో ఇక పని లేనట్టు. అందరికీ బొటనవేలు చూపించింది. పైకి. తాడు పట్టుకోండి. పైకి.

ఆ అయిదో మనిషి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తనూ బొటనవేలు ఎత్తింది. కొంచెం ఆలస్యంగా.

అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే ఒంట్లోకి గాలి బుడగలు ఎక్కుతాయి. నలుగురూ తాడుకు వేలాడుతున్నారు. చబా కింద ఉంది, మొహం కిందికే పెట్టుకుని. ఒక నిమిషం. పచ్చటి చీకటి. రెండు నిమిషాలు. తాడు కింద ఎవరో పట్టుకున్నట్టు ఒక్కసారి అదిరింది... కెరటం అయ్యుంటుంది. మూడు.

పైకొచ్చేసరికి వాన. కడవలతో కుమ్మరిస్తోంది. నీళ్ళకూ ఆకాశానికీ తేడా తెలియడం లేదు. పడవ చుట్టూ పరదాలు దించేసి ఉన్నాయి.

నిమ్మకాయ ఈదుకుంటూ దగ్గరికొచ్చింది. నోట్లో గొట్టం తీసేసింది.

“టీచరమ్మా... నా పక్కన ఉన్నదెవరు?”

“ముందు ఎక్కు పెద్దమ్మా.”

“దానికి ఊపిరి లేదు.”

“నాకు తెలుసు. ఎక్కు.”

వెనక నిచ్చెన పట్టుకుని ఒక్కొక్కరినే ఎక్కించింది. నిమ్మకాయ. తాటిబెల్లం. మిరపకాయ. ఆఖరికి వెల్లుల్లి. అతని కాళ్ళు పరదా వెనక్కి మాయమయ్యేదాకా చూసింది. నలుగురూ ఎక్కారు. గుండె మీద నుంచి బరువు దిగింది.

“ఇంకో పడవేదైనా వచ్చిందా బాబాయ్?” అని అరిచింది.

“ఈ వానలోనా? నీకు మతి పోయిందా పిల్లా? తాడు విప్పి తొందరగా ఎక్కు!”

బోయా నుంచి తాడు విప్పడం పాఠం చెప్పేవాళ్ళ పని. అందరినీ ఎక్కించి, పడవ ముక్కు వైపు ఈది, కొక్కెం తప్పించి, పడవ పక్కనే వెనక్కొచ్చి ఎక్కాలి. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నదే. అంతకుముందు విలాయ్ చేసిందీ అదే. చబా ఈదింది. ప్రవాహం ఎదురు తన్నుతోంది. కొక్కెం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో తిప్పాల్సొచ్చింది. ఊడింది. పడవ ముక్కు పక్కకు తిరిగింది. ఆ ఊపుకు ఆమె చేతిలో తాడు జారిపోయింది. పడవకూ ఆమెకూ మధ్య పది మీటర్లు. పదిహేను.

వాన చప్పుడు మీద నుంచి బాబాయ్ గొంతు వినిపించింది. ఎప్పటిలాగే మొహం పడవ ముక్కు వైపు పెట్టి.

“నిమ్మకాయా!”

“ఉన్నాను.” సన్నగా, వణుకుతూ.

“మిరపకాయా!”

“ఉన్నాను బాబాయ్.”

“తాటిబెల్లం!”

“ఉన్నాను.”

“వెల్లుల్లీ!”

“ఇక్కడే ఉన్నాను.”

చబా చేతులు బారలు చాపి ఈదుతోంది. ఫరవాలేదు. తన పేరుకు జవాబు రాకపోతే బాబాయ్ కదలడు. ఆ నియమం పుట్టిందే అందుకు.

“ఎండు రొయ్యా!”

ఆమె నోట్లో గొట్టం ఊసేసింది. అరవడానికి ఊపిరి పీల్చింది.

“ఉన్నాను బాబాయ్.”

పడవలో నుంచి. అచ్చం తన గొంతుతో. చివర్లో తను నవ్వే చిన్న నవ్వుతో.

కొంచెం ఆలస్యంగా.

ఇంజను మొదలైంది. ఆమె అరిచింది. కెరటం నోరు నింపేసింది. దగ్గి, ఉమ్మి, మళ్ళీ అరిచింది. వాన ఆ అరుపును అక్కడికక్కడే నీళ్ళలోకి కొట్టేసింది. జాకెట్‌కు వేలాడే ఈల తీసి ఊదింది. లోపల నీళ్ళు బుడబుడమన్నాయి. పడవ వెనక భాగం ఆమె వైపు తిరిగింది, గాలికి పరదా లేచింది. ఒక్క క్షణం.

బల్ల మీద అయిదుగురు. నలుగురు తువ్వాళ్ళు చుట్టుకుని తలలు వంచుకుని ఉన్నారు. నిమ్మకాయ పక్కన కూర్చున్న అయిదో మనిషి మాస్క్ ఇంకా తియ్యలేదు. ఇటే చూస్తోంది. పడవ ఊగినప్పుడల్లా ఆ గాజు వెనకాల నీళ్ళు ఇటూ అటూ ఊగుతున్నాయి.

పరదా పడిపోయింది.

చప్పుడు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. తరవాత వాన ఒక్కటే.

ఆమె బోయా దగ్గరికి తిరిగొచ్చి చేతులు చుట్టేసి పట్టుకుంది. భయపడకూడదు. అది కూడా మొదటి రోజు పాఠమే. రేవులో లెక్క తేలుతుంది. నలుగురే దిగుతారు. బాబాయ్ వెనక్కొస్తాడు. నలభై నిమిషాలు పోను, నలభై నిమిషాలు రాను.

ఎనిమిదేళ్ళ కిందట కూడా వెనక్కొచ్చారు. పదకొండు రోజులు.

దారానికి వేలాడుతున్న పలక కెరటానికి వచ్చి ఆమె చేతికి తగిలింది. తిప్పి చూసింది. నిమ్మకాయ. మిరపకాయ. వెల్లుల్లి. తాటిబెల్లం. ఆమె చేతిరాతే. నాలుగు పేర్లూ చెక్కుచెదరలేదు.

అయిదో వరస ఖాళీగా ఉంది. చెరిపిన మరక కూడా లేదు.

పెన్సిల్ అందుకుంది. మళ్ళీ రాయాలి. ఎందుకో తెలియదు, రాసి తీరాలనిపించింది. బయల్దేరేముందు పడవలో బాబాయ్ ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. తనూ ఏదో జవాబిచ్చింది. ఏమన్నాడు?

పోనీ, అసలు పేరు. ఇంట్లో పిలిచేది... అమ్మ పిలిచేది...

పెన్సిల్ మొన పలక మీద అలాగే ఆగిపోయింది.

అప్పుడు కింద నుంచి, కాళ్ళ కింద పన్నెండు మీటర్ల లోతు నుంచి, ఉక్కు చువ్వతో ఎవరో సిలిండర్ మీద తట్టారు.

టంగ్.

టంగ్.

టంగ్.

వరసలోకి రమ్మని.